ఆ ఎగిరేది ఎవరిది?

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు తగులుతుంది. రాళ్ల తోట చూడ్డానికి జనం ఆగే ఊరు. ఈమధ్య ఈ మండలం పేరు రెండు రకాల వార్తల్లో వినిపిస్తోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇక్కడ 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ పెడతామంటోంది. ఇదే మండలంలో పాలకొలను దగ్గర కేంద్ర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్డీవోకి ఆయుధాలు పరీక్షించే ఆరుబయలు రేంజి ఉంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లాలోని ఆ రేంజిలోనే 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లని కాల్చి చూపించారు. అంటే ఒక పక్క డ్రోన్లు తయారుచేస్తారు, ఇంకో పక్క వాటిని మసి చేస్తారు.

వినడానికి నవ్వొచ్చినా రెండూ అవసరమే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, మేడల మీద చిక్కుకున్నవాళ్లకి అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు, మందులు మోసినవాటిలో డ్రోన్లూ ఉన్నాయి. ఆ మరుసటి నెల 22న అదే విజయవాడలో పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఒకేసారి లేచి ఆకాశంలో బొమ్మలు గీశాయి, గిన్నిస్ రికార్డులు తెచ్చాయి. వీటికి మూడేళ్ల ముందు, 2021 జూన్ 27 అర్ధరాత్రి దాటాక, జమ్మూ వైమానిక స్థావరం మీద నిమిషాల తేడాలో రెండు బాంబులు పడ్డాయి. ఒకటి కప్పుకి చిల్లు పెట్టింది, ఇంకోటి ఖాళీ జాగాలో పేలింది. ఇద్దరికి స్వల్ప గాయాలు. మన దేశంలో సైనిక స్థావరం మీద జరిగిన మొదటి డ్రోన్ దాడి అదే.

అన్నం పొట్లం మోసే యంత్రానికీ బాంబు మోసే యంత్రానికీ పెద్ద తేడా ఉండక్కర్లేదు. నాలుగో ఆరో ఫ్యాన్లు, ఒక బ్యాటరీ, ఒక రేడియో, ఒక జీపీఎస్ చిప్పు. యాంటీ డ్రోన్ అనగానే వార్తలన్నీ కూల్చడం చుట్టూ తిరుగుతాయి. లేజర్, క్షిపణి, రేడియోని అడ్డుకునే జామర్ ఫొటోలు బాగుంటాయి కాబట్టి అది సహజమే. నాకు మాత్రం అసలు ముడి అంతకుముందే పడి ఉందనిపిస్తుంది. పైన ఉన్నదేమిటి, ఎవరిది, ఎందుకొచ్చింది అన్న దగ్గర.

దీనికి గాట్విక్ కంటే మంచి ఉదాహరణ దొరకదు.

2018 డిసెంబర్ 19 రాత్రి. క్రిస్మస్ రద్దీ మొదలైంది. లండన్ దగ్గరున్న గాట్విక్ విమానాశ్రయంలో డ్రోన్ కనిపించిందని భద్రతా సిబ్బంది ఒకరు చెప్పారు. రన్‌వే మూసేశారు. తెరుద్దామనుకునేసరికి మళ్లీ ఎవరికో కనిపించింది. మళ్లీ మూసేశారు. ఇలా దాదాపు 33 గంటలు మూస్తూ తెరుస్తూ గడిచింది. సుమారు 1,000 విమానాలు ఆగిపోవడమో దారి మళ్లడమో జరిగింది. లక్షా 40 వేల మంది ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ ఉండిపోయారు. చివరికి సైన్యం పరికరాలు తెచ్చి పెడితే గానీ రన్‌వే తెరవలేదు.

పోలీసులకి అందిన సమాచారాలు 129. అందులో 109 నమ్మదగినవాళ్లు చెప్పినవే అన్నారు. అయితే చేతికి డ్రోన్ చిక్కలేదు. స్పష్టమైన ఫొటో ఒక్కటీ దొరకలేదు. ఒక జంటని అరెస్టు చేసి, వాళ్లకి సంబంధం లేదని తేలాక వదిలేశారు, తర్వాత పరిహారం కూడా కట్టుకోవాల్సి వచ్చింది. డ్రోన్ కోసం వెతకడానికి పోలీసులు సొంత డ్రోన్లు ఎగరేశారు. చూశామన్నవాళ్లలో కొందరు చూసింది వాటినే కావచ్చని పోలీసు ఉన్నతాధికారే ఒప్పుకున్నారు. 2019 సెప్టెంబర్‌లో కేసు మూసేశారు. దోషి ఇప్పటికీ లేడు.

విమానాశ్రయం అధికారుల తప్పేం లేదు. పైన నిజంగా డ్రోన్ ఉందేమో అన్న అనుమానంతో ఏ పైలట్‌నీ కిందికి దింపలేరు. వాళ్ల దగ్గర లేనిది ఒకటే: 'ఉంది' అనో 'లేదు' అనో గట్టిగా చెప్పే యంత్రం.

2024 చివర్లో అమెరికాలోని న్యూజెర్సీలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. రాత్రిళ్లు మిస్టరీ డ్రోన్లు తిరుగుతున్నాయని జనంలో టెన్షన్ పట్టుకుంది. మన తెలుగువాళ్లు దండిగా ఉండే రాష్ట్రం కాబట్టి ఇక్కడి వాట్సాప్ గ్రూపులకీ ఆ వీడియోలు చేరాయి. కొద్ది వారాల్లోనే 5,000కి పైగా ఫిర్యాదులు వచ్చాయి. జల్లెడ పడితే దర్యాప్తుకి పనికొచ్చే ఆధారాలు దాదాపు 100 తేలాయి. మిగతావేంటంటే అనుమతి ఉన్న డ్రోన్లు, పోలీసు డ్రోన్లు, హెలికాప్టర్లు, మామూలు విమానాలు. కొన్ని, పొరపాటున, నక్షత్రాలు.

రాడార్‌కి కాకి ఎలా కనిపిస్తుంది

వందల కిలోమీటర్ల దూరంలో విమానాన్ని పట్టే రాడార్లు ఉండగా ఈ చిన్న బొమ్మ ఎందుకు కనపడదు? చాలామంది 'చిన్నది కాబట్టి' అంటారు. అది సగం జవాబే.

రాడార్ రేడియో తరంగాన్ని విసిరి, వస్తువుకి తగిలి వెనక్కొచ్చే దాన్ని వింటుంది. పెద్ద ప్రయాణికుల విమానం దానికి సుమారు 100 చదరపు మీటర్ల అద్దంలా మెరుస్తుందనుకుందాం. చిన్న ప్లాస్టిక్ డ్రోన్ మెరుపు 0.01 చదరపు మీటరు, అంటే అరచేయంత. పది వేల రెట్లు తక్కువ. అలాగని పట్టే దూరం పది వేల రెట్లు పడిపోదు. తరంగం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పలచబడుతుంది కాబట్టి ఈ లెక్క నాలుగో మూలం మీద నడుస్తుంది. పది వేలకి నాలుగో మూలం పది. అంటే 200 కిలోమీటర్ల దూరంలో విమానాన్ని పట్టే రాడార్ డ్రోన్‌ని కాగితం మీద 20 కిలోమీటర్లలో పట్టగలగాలి.

20 కిలోమీటర్లు ఏం తక్కువ? చాలా ఎక్కువే. మరి చిక్కెక్కడ? రాడార్ దాన్ని చూస్తుంది. చూసి, పారేస్తుంది.

అరచేయంత మెరుపు కాకికీ ఉంటుంది, కొంగకీ ఉంటుంది. డ్రోన్ వేగం సెకనుకి 10, 20 మీటర్లు, పక్షి వేగమూ దాదాపు అంతే. ఎగిరే ఎత్తూ అదే. విమానాల రాడార్ తెర మీద పిట్టలన్నీ కనిపిస్తే కంట్రోలర్‌కి పిచ్చెక్కుతుంది. అందుకే నెమ్మదిగా, కిందుగా, చిన్నగా కదిలేదాన్ని తెర మీదికి రానివ్వొద్దని దశాబ్దాలుగా ఇంజినీర్లు ఆ సాఫ్ట్‌వేర్‌కి నేర్పుతూ వచ్చారు. నెమ్మదిగా, కిందుగా, చిన్నగా అంటే అచ్చం డ్రోనే. ఆ జల్లెడ కన్నాలు చిన్నవి చేస్తే డ్రోన్‌తో పాటు ఊళ్లోని పావురాలన్నీ తెర మీద వాలతాయి.

అందుకని డ్రోన్ల కోసం వేరే రాడార్లు చేస్తున్నారు. వీటి కిటుకు ఫ్యాన్ రెక్కల్లో ఉంది. డ్రోన్ మొత్తం ఒక వేగంతో కదులుతుంటే, దాని రెక్కలు నిమిషానికి వేల సార్లు తిరుగుతూ తరంగాన్ని సన్నగా వణికిస్తాయి. పిట్ట రెక్కలు సెకనుకి కొన్నిసార్లే కొట్టుకుంటాయి. ఆ వణుకు తేడా పట్టుకుంటే ఇది పిట్ట, ఇది డ్రోన్ అని చెప్పొచ్చు. చక్కటి ఆలోచన. తిప్పలేమిటంటే ప్లాస్టిక్ రెక్కల వణుకు చాలా బలహీనం, దగ్గరికొస్తే గానీ తెలియదు.

దగ్గరంటే ఎంత? డ్రోన్లని పట్టి ఆపడానికి డీఆర్డీవో తయారుచేయించిన డీ-4 వ్యవస్థ రాడార్ చిన్న డ్రోన్లని 4 కిలోమీటర్ల దాకా పట్టగలదని 2021లో ప్రభుత్వమే చెప్పింది. సెకనుకి 20 మీటర్ల వేగంతో వచ్చే డ్రోన్‌కి ఆ 4 కిలోమీటర్లు దాటడానికి 200 సెకన్లు పడుతుంది. 3 నిమిషాల 20 సెకన్లు. అది ఏమిటో తేల్చడం, పై అధికారికి చెప్పడం, ఏం చెయ్యాలో నిర్ణయించడం, చెయ్యడం, అన్నీ ఆ గడువులోనే. అదే వ్యవస్థలోని లేజర్ 1 కిలోమీటరు లోపలే పని చేస్తుంది కాబట్టి దాని వంతుకి మిగిలేవి చివరి 50 సెకన్లు.

వినడం, చూడడం

రెండో దారి, డ్రోన్ మాటలు చాటుగా వినడం. రిమోట్‌కీ డ్రోన్‌కీ మధ్య రేడియో సంభాషణ నడుస్తుంటుంది. మామూలుగా 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో. మన ఇంటి వైఫై ఉండేదీ అక్కడే. పొలాల మధ్య ఈ మాటలు తేలిగ్గా వినపడతాయి. అమీర్‌పేటలో ఒక అపార్ట్‌మెంట్ పైనుంచి వినమంటే, తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాడి ఏడుపు వెతికినట్టే.

అయినా నాకు నచ్చిన పద్ధతి ఇదే. రాడార్ డ్రోన్‌ని మాత్రమే చూపిస్తుంది, రేడియో వినేవాడు డ్రోన్‌తో పాటు దాన్ని ఆడిస్తున్న మనిషి ఎక్కడ నిలబడ్డాడో కూడా చెప్పగలడు. కొన్ని కంపెనీల డ్రోన్లు తమ నంబరు, ఎగిరిన చోటు, పైలట్ ఉన్న చోటు వాటంతట అవే చెబుతాయి. ఆ మాటని విప్పగలిగితే కానిస్టేబుల్ వెళ్లి భుజం మీద చెయ్యేస్తే సరిపోతుంది, లేజర్‌తో పనే లేదు. 2023 జనవరిలో తిరుమల ఆలయం పైనుంచి తీసిన డ్రోన్ వీడియో వైరల్ అయి ఎంత రగడ అయిందో గుర్తుందిగా. అలాంటి చోట్ల కావాల్సింది డ్రోన్‌ని పేల్చడం కాదు, జనంతో నిండిన మాడవీధుల మీద అసలు పేల్చలేరు కూడా. ఎగరేసినవాణ్ణి పట్టుకోవాలి.

దీనికి విరుగుడూ ఉంది. ముందే దారి రాసిపెట్టి వదిలితే డ్రోన్ ఏమీ మాట్లాడకుండానే వెళ్లిపోతుంది. ఉక్రెయిన్ యుద్ధంలో 2024 నుంచి ఇంకో రకం వచ్చింది. గాలిపటానికి దారం ఉన్నట్టు డ్రోన్ వెనకాల వెంట్రుకంత సన్నటి ఫైబర్ తీగ, కిలోమీటర్ల పొడవునా విప్పుకుంటూ పోతుంది. ఆదేశాలు, వీడియో అన్నీ తీగలోనే. వినడానికి రేడియో లేదు, ఆపడానికీ రేడియో లేదు. ఆ యుద్ధభూమిలో పొలాల మీద సాలెగూళ్లలా పరుచుకున్న ఈ తీగల ఫొటోలు చూస్తే, అంతంత ఖరీదు పెట్టి కొన్న జామర్లు ఏమైనట్టు అనిపిస్తుంది.

చెవులతో వినే పద్ధతి ఇంకా పాతది. ఉక్రెయిన్ దేశమంతటా మైకులు పెట్టింది, సుమారు 10 వేలు. ఒక్కోదానికి 400, 500 డాలర్లు మించలేదు. రష్యా పంపే షాహెద్ డ్రోన్ల మోటారు మోత మోపెడ్ మోతలా ఉంటుంది కాబట్టి అది ఏ మైకు నుంచి ఏ మైకుకి జరిగిందో చూసి దారి గీస్తారు. చిన్న బ్యాటరీ డ్రోన్ మీద ఇది అంతగా పారదు. నాలుగైదు వందల మీటర్లు దాటితే దాని రొద ట్రాఫిక్‌లో కలిసిపోతుంది.

చివరికి కెమెరా. రాడారో రేడియోనో 'అటు చూడు' అంటే, పగలు మామూలు కెమెరా, రాత్రి వేడిని చూసే కెమెరా అటు తిరిగి బొమ్మని దగ్గరికి లాగుతాయి. కింద ఏమైనా వేలాడుతోందా అన్నది తెలిసేది ఇక్కడే. మంచు, వాన, పొగ ఉంటే అదీ లేదు. ఏ ఒక్కటీ చాలదు కాబట్టే అన్నిటినీ ఒక తెర మీదికి తెస్తారు. ఈ కలపడమే నిజమైన సరుకు. అమ్మేవాళ్లు మాత్రం ఒక్కో పరికరం దూరం గురించే ఊదరగొడతారు, అదీ బొత్తిగా అడ్డంకుల్లేని మైదానంలో కొలిచిన దూరం.

నోరు నొక్కడం

పోల్చుకున్నాం, శత్రువే అని తేలింది అనుకుందాం. ముందు వాడేది జామర్. డ్రోన్, రిమోట్ మాట్లాడుకునే బ్యాండ్‌లో అంతకంటే గట్టిగా రొద పెట్టడమే దాని పని. మాట తెగిపోతే మామూలు డ్రోన్ మూడింట్లో ఒకటి చేస్తుంది: ఉన్నచోటే నిలబడుతుంది, మెల్లగా దిగుతుంది, లేదా లేచిన చోటికి తిరిగిపోతుంది. మూడోది చేస్తే పోలీసులకి పండగే, దాని వెనకే వెళ్తే ఇల్లు దొరుకుతుంది. దిగేది జనం మధ్యనా, అందులో బాంబు ఉందా అన్నది మాత్రం జామర్‌కి పట్టదు.

జీపీఎస్‌ని జామ్ చెయ్యడం మరీ తేలిక. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి పంపే సంకేతం నేలకి చేరేసరికి నామమాత్రంగా మిగులుతుంది. చిన్న జామర్ దాన్ని ముంచేస్తుంది. ఇంకొంచెం తెలివైనవాళ్లు రొద పెట్టకుండా దొంగ సంకేతం పంపి, 'నువ్వు ఇంకో ఊళ్లో ఉన్నావు' అని డ్రోన్‌ని నమ్మిస్తారు. ఇక్కడే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది. ఎందుకంటే ఆ సంకేతాన్నే పైన వెళ్లే ప్రయాణికుల విమానమూ వింటుంది. 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి మధ్య మన సరిహద్దు ప్రాంతంలో, ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూల దగ్గర, విమానాల జీపీఎస్‌కి అంతరాయం కలిగిన ఘటనలు 465 అని కేంద్రం లోక్‌సభకి చెప్పింది. విమానానికి దారి చూసుకోవడానికి వేరే పరికరాలు ఉంటాయి కాబట్టి ప్రమాదం జరగలేదు. కానీ విమానాశ్రయాన్ని డ్రోన్ నుంచి కాపాడడానికి పెట్టే జామరే ఆ విమానాశ్రయానికి తలనొప్పి అయ్యే వీలుంది.

అందుకే మన దేశంలో జామర్ ఎవరు పడితే వాళ్లు కొనడానికి లేదు. కేంద్ర కేబినెట్ సచివాలయం అనుమతి ఉండాలి. అపార్ట్‌మెంట్ పైన ఎవరో డ్రోన్ తిప్పుతున్నారని అసోసియేషన్ వాళ్లు ఆన్‌లైన్‌లో జామర్ తెప్పించుకుంటే ముందు కేసు వాళ్ల మీదే.

పంజాబ్ సరిహద్దులో ఈ ఆట రోజూ జరుగుతోంది. అవతలి నుంచి హెరాయిన్, పిస్తోళ్లు మోసుకొచ్చే డ్రోన్లని బీఎస్ఎఫ్ 2023లో 100కి పైగా పట్టింది. 2024లో ఆ లెక్క 300కి దగ్గరగా వెళ్లింది. నిఘా పెరిగేకొద్దీ డ్రోన్ చిన్నదవుతూ వచ్చింది. మొదట్లో కిలోలకి కిలోలు మోసే పెద్దవి వచ్చేవి, ఇప్పుడు అరకిలో పొట్లం కట్టిన మడతపెట్టే డ్రోన్లు వస్తున్నాయి. ఒకటి పోయినా అవతలివాడికి పెద్ద నష్టం లేదు.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం

మాట తెంపినా ఆగని డ్రోన్‌ని విరగ్గొట్టాలి. 2017లో అమెరికా సైనిక జనరల్ డేవిడ్ పెర్కిన్స్ ఒక సభలో చెప్పిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. తమ మిత్రదేశం ఒకటి 200 డాలర్ల బొమ్మ డ్రోన్ మీద 30 లక్షల డాలర్ల పేట్రియాట్ క్షిపణి వేసిందట. డ్రోన్ కూలింది, సందేహం లేదు. కానీ నేనే శత్రువునైతే ఇలాంటి బొమ్మలు దొరికినన్ని కొని పంపి, ఉన్న పేట్రియాట్లన్నీ ఖర్చు చేయిస్తాను అని కూడా ఆయనే అన్నారు.

2025 మే 8 రాత్రి మన పశ్చిమ సరిహద్దులో జరిగింది ఈ లెక్కకే పరీక్ష. లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్లకి పాకిస్తాన్ 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మర్నాడు మన ప్రభుత్వం చెప్పింది. వాటి ఉద్దేశం మన గగనతల రక్షణని తడిమి చూడడం, సమాచారం లాగడం అని కూడా చెప్పింది. అంటే కొన్ని డ్రోన్లు కూలడానికే వస్తాయి. మీరు ఏ రాడార్ వెలిగించారు, ఎక్కడి నుంచి కొట్టారు, ఎంత మందుగుండు తగలేశారు అన్నది చూసుకుని తర్వాతి రాత్రికి లెక్క వేసుకుంటారు. ఆ రాత్రి బాగా పనికొచ్చినవాటిలో 40 మిల్లీమీటర్ల ఎల్-70 తుపాకులున్నాయి. దాదాపు 70 ఏళ్ల కిందటి డిజైన్. కొత్త రాడార్, కొత్త కెమెరా తగిలించి, గగనతల రక్షణని ఒక తెర మీదికి తెచ్చే ఆకాశ్‌తీర్ నెట్‌వర్క్‌కి కలిపేసరికి తాతగారు మళ్లీ డ్యూటీలో చేరారు. క్షిపణి ధరతో పోలిస్తే గుండు ధర ఏపాటిది!

ఊళ్ల మీద తుపాకీ పేల్చలేం కదా, పైకి వెళ్లిన గుండు కిందికి రావాల్సిందే. అందుకే వలలు విసిరే డ్రోన్లు, గుద్దుకుని పడేసే డ్రోన్లు వచ్చాయి. గద్దల ముచ్చట కూడా చెప్పుకోవాలి. నెదర్లాండ్స్ పోలీసులు 2016లో డ్రోన్లని తన్నుకుపోయేలా గద్దలకి తర్ఫీదిచ్చారు, ఖర్చు ఎక్కువ, మాట వినడం తక్కువ అని 2017 చివర్లో మానేశారు. ఇక్కడ తెలంగాణ పోలీసులు మొయినాబాద్ శిక్షణ కేంద్రంలో గరుడ దళం తయారుచేశారు. చూడముచ్చటగానే ఉంటుంది. కార్బన్ ఫైబర్ రెక్కలకి గద్ద కాళ్లు తెగితే ఏంటని ఆలోచిస్తే మాత్రం మనసొప్పదు.

మళ్లీ ఓర్వకల్లు దగ్గరికొద్దాం. అక్కడ చూపించిన లేజర్‌ని రూపొందించింది హైదరాబాద్‌లోని 'చెస్' అనే డీఆర్డీవో ప్రయోగశాల. డీ-4లో జామర్ భాగం చేసిన డీఎల్ఆర్ఎల్ కూడా హైదరాబాద్‌దే. 30 కిలోవాట్లు అంటే ఇళ్లల్లో వాడే ఒకటిన్నర టన్ను ఏసీలు ఓ ఇరవై ఒకేసారి నడిచేంత కరెంటు. ఆ శక్తినంతా కొన్ని సెంటీమీటర్ల చోట పోగుచేసి, కదిలే డ్రోన్ మీద అదే చోట కొన్ని సెకన్లు ఆపాలి. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినవాళ్లకి తెలుసు, చెయ్యి వణికితే కాలదు. ఆ వణకని చెయ్యే ఇక్కడ అసలు ఇంజినీరింగ్. కొన్ని సెకన్లు కాల్చడానికి అయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోలు ధరతో సమానమని డీఆర్డీవో చెప్పింది. బ్రిటన్ తన డ్రాగన్‌ఫైర్ లేజర్‌కి ఒక్కో దెబ్బ 10 పౌండ్ల లోపే అంటోంది. రెండూ నిజమే అయినా ఇవి కరెంటు ఖర్చులు, ఆ లేజర్ బండి ధర కాదు. ఎన్నికల వాగ్దానంలాగే దీన్నీ కాస్త విడదీసి చదువుకోవాలి.

లేజర్‌కి గాలి శత్రువు. కర్నూలు మెట్టల పొడిగాలిలో సూటిగా పోయే కిరణం విశాఖ తీరంలో తేమకి, ఢిల్లీ పొగమంచుకి చెదిరిపోతుంది. పైగా ఒకసారికి ఒక్కటే. పది వస్తే వరసలో కాల్చుకుంటూ పోవాలి, పదోది ఈలోపు వచ్చేస్తుంది. అలాంటి గుంపుల కోసం మైక్రోవేవ్ ఆయుధాలు చేస్తున్నారు. వాటి తరంగాలు వెడల్పుగా పరుచుకుని ఆ దిక్కున ఉన్న సర్క్యూట్లన్నిటినీ ఒకేసారి మాడుస్తాయి. మన నాగపూర్ కంపెనీ సోలార్ డిఫెన్స్ ఇంకో దారి పట్టింది. 2025 మేలో గోపాలపూర్‌లో పరీక్షించిన దాని భార్గవాస్త్ర చిన్న చిన్న రాకెట్లని గుంపు మీదికి గుప్పిస్తుంది.

బటన్ మీద వేలు

2019 ఫిబ్రవరి 27 ఉదయం, బాలాకోట్ దాడి మర్నాడు, శ్రీనగర్ దగ్గర బుద్గాంలో మన వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్ కూలిపోయింది. అందులోని ఆరుగురు సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. దాన్ని కూల్చింది మన క్షిపణే అని విచారణలో తేలింది. పెద్ద తప్పు జరిగిందని ఆ తర్వాత వైమానిక దళాధిపతి అయిన భదౌరియా ఒప్పుకున్నారు. అది డ్రోన్ కాదు, మనవాళ్ల సొంత హెలికాప్టర్. తర్ఫీదు పొందినవాళ్లు, మంచి పరికరాలు, స్పష్టమైన అధికార క్రమం అన్నీ ఉన్నచోటే టెన్షన్‌లో ఇలా జరిగింది. అదే పనిని ఊళ్ల మీద, జాతరల మీద, విమానాశ్రయాల పక్కన, 3 నిమిషాల్లో చెయ్యమంటున్నాం.

కాబట్టి కూల్చే యంత్రం కంటే, పైన తిరిగే మంచివాటికి పేరు పెట్టడం మీద ఎక్కువ డబ్బు పెట్టాలన్నది నా అభిప్రాయం. బండికి నంబర్ ప్లేటు ఉన్నట్టు ప్రతి డ్రోన్ ఎగిరినంతసేపూ తన గుర్తింపు రేడియోలో చెబుతూ ఉండాలన్నది ఆలోచన. అమెరికాలో 2024 మార్చి నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. చెడ్డవాడు నంబరు పెట్టుకుంటాడా అని అడగొచ్చు. పెట్టుకోడు. మంచివాళ్లంతా పేరు చెబితే, చెప్పనివాడు ఒక్కడూ తేలిపోతాడు. గడ్డివాములో సూది వెతికే బదులు గడ్డిని పక్కకి తియ్యడం.

మన దగ్గర చట్టం ఉంది. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు దేశాన్ని ఆకుపచ్చ (అనుమతి అక్కర్లేదు), పసుపు (అనుమతి అడగాలి), ఎరుపు (కేంద్రం ఒప్పుకుంటే తప్ప ఎగరకూడదు) మండలాలుగా విడదీశాయి. అంతకుముందు విమానాశ్రయం చుట్టూ 45 కిలోమీటర్ల దాకా ఉన్న పసుపు మండలాన్ని 12 కిలోమీటర్లకి తగ్గించాయి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల లోపు అనుమతి అడగకుండానే ఎగరేసుకోవచ్చు. 250 గ్రాములు దాటిన ప్రతి డ్రోన్‌కీ, ప్రభుత్వం దగ్గర నమోదైన గుర్తింపు సంఖ్య ఉండాలి. కాగితం మీద శుభ్రంగా ఉంది.

అయితే 2022 ఫిబ్రవరి 9న విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం ఆపేసింది, పరిశోధనకీ రక్షణకీ మినహాయింపులిచ్చి. స్వదేశీ కంపెనీలు ఎదగాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఈమధ్య ఏ పెళ్లికెళ్లినా తల మీద తిరుగుతున్నది ఎక్కడ తయారైందో ఫొటోగ్రాఫర్ తమ్ముణ్ణి అడిగి చూడండి. నవ్వేసి ఊరుకుంటాడు. దొంగదారిన వచ్చినదాన్ని అతను రిజిస్టర్ చేయించలేడు.  పాపం అతను నేరస్థుడు కాదు, డ్రోన్ షాట్ లేకపోతే ఆర్డర్ రాదు. అలా మన ఆకాశంలో పేరు లేని మంచివాళ్లు వేలల్లో ఉన్నారు, పేరు లేని చెడ్డవాడు వాళ్లలో కలిసిపోవడానికి ఇంతకంటే వీలు ఏముంటుంది?

శంషాబాద్ చుట్టుపక్కల కన్వెన్షన్ హాళ్లలో మాఘమాసం రాత్రి ముహూర్తాలని ఊహించుకోండి. ఒక్కో హాల్లో ఒక్కో పెళ్లి, ఒక్కో పెళ్లికి ఒక డ్రోన్. తలంబ్రాల వేళకి అన్నీ లేస్తాయి. రన్‌వే వైపు కాపలా రాడార్ ఒకటి ఉంటే దాని తెర మీద చుక్కలు మొలుస్తాయి, ఒక్కదానికీ పేరుండదు. అందులో ఒకటి మండపం మీద తిరక్కుండా సూటిగా ఇటే వస్తున్నట్టుంది. గాలికి కొట్టుకొస్తోందా? కొత్త కుర్రాడు రిమోట్ మీద పట్టు తప్పాడా? కెమెరా తిప్పితే కింద ఏదో వేలాడుతోంది, పూలు చల్లే బుట్టలా ఉంది, కాకపోనూవచ్చు. తెర ముందు కూర్చున్న మనిషి గడియారం చూసుకుంటాడు. అప్పటికే 40 సెకన్లు గడిచిపోయాయి.